నాననివ్వు

నాలుగు వందల పదిహేడో బావి గొంతుకు గార పట్టింది.
మొన్న పైకి లాగిన గొట్టం ముక్క నా బల్ల మీద ఉంది.
పిడికిలి పట్టాల్సిన దారిలో
ఇప్పుడు నా చిటికెన వేలు దూరదు.
కోసి చూస్తే వలయాలు, తెలుపు మీద బూడిద, బూడిద మీద తెలుపు.
చెట్లు లేని మా మంగిస్తౌలో
ఏళ్ళు లెక్కపెట్టుకోడానికి ఇవే కాండాలు.

కాస్పియన్ నీళ్ళు మేమే తోశాం లోపలికి,
నూనెను పైకి నెట్టుకు రమ్మని.
పై నీటిలో గంధకం, కింది నీటిలో బేరియం,
కోట్ల ఏళ్ళుగా ఒకరి ముఖం ఒకరు ఎరగనివాళ్ళు
చీకట్లో ఎదురుపడి
ఆ క్షణానే రాయైపోయారు.
వాళ్ళ పక్కనే, మామూలుగా, సున్నం.
జోడీ కలిపింది మేమే.
ఇప్పుడు విడదీయమని నాకు ఉత్తరం వచ్చింది,
సంతకంతో, ముద్రతో, గడువు తేదీతో.

ఒరిన్‌బాయ్ ముప్పై ఒక్క ఏళ్ళు యాసిడ్ పోశాడు.
యాసిడ్‌కి తొందరెక్కువ.
రాయిని తింటుంది, ఇనుమునీ తింటుంది,
అడ్డొస్తే వేలినీ.
పింఛను ఆఫీసులో యంత్రం ఆయన బొటనవేలిని
నాలుగుసార్లు అడిగి, ఎవరూ లేరంది.

"కూన్‌సులూ, ఏమిటీ తేనె రంగు నీళ్ళు?"
బీటు దుంపల మడ్డిని పులియబెట్టి
అందులోంచి తీసిన ఆమ్లంతో చేశారు, అగా.
"సోర్పాలో రుచికి వేసే ఉప్పుకి చుట్టమా?"
చుట్టమే. దగ్గరి చుట్టమే.
"అయితే బావికి విందు పెడుతున్నావన్నమాట!"
నవ్వాడు. డ్రైవర్లూ నవ్వారు.
నేను కవాటం లెక్కలు మళ్ళీ చూసుకున్నాను.

ఇది కొరకదు, అగా. పీత.
డెక్కల మధ్య ఒక్కో కాల్షియం రేణువునీ ఒడిసి పట్టి
పక్కవాటుగా నడుచుకుంటూ పోతుంది.
పనయ్యాక నేలలో పడితే
కంటికి కనబడని ప్రాణులు దీన్నే తిని బతుకుతాయి.
నీ పాత డబ్బాల్లోది అలా కాదు,
మనం పోయాకా అక్కడే ఉంటుంది.

క్యాంటీన్ జుమాగుల్ సమోవార్‌ని ఎప్పుడూ గీకదు.
కుర్త్ వడగట్టగా మిగిలిన పుల్లటి తేట పోసి
మూత పెట్టి, పడుకుంటుంది.
గరిటె పట్టిన కుర్రాణ్ణి ఒకసారి చేతి మీద కొట్టింది:
"నాననివ్వురా! నీ బలం దానికెందుకు?"

రాత్రి తొమ్మిదికి లోపలికి పంపాం. కవాటం మూశాం.
ఇక చెయ్యడానికి ఏమీ లేదు.
అదే ఎవరికీ చేతకాలేదు.
పది దాటాక మేనేజరు ఫోను:
గంటకి ఎన్ని పీపాలు పోతున్నాయో తెలుసా?
తెలుసు.
పన్నెండుకి మళ్ళీ ఫోను. తెలుసు.
పక్క బావి నుంచి వచ్చే వెచ్చటి గొట్టానికి
మూడు ఒంటెలు పొట్టలు ఆనించి నిలబడ్డాయి.
గాలి ఉప్పు వాసన వేసింది.
ఒరిన్‌బాయ్ తన కోటు ఇచ్చి, తను వణికాడు.

మర్నాటి రాత్రికి తెరిచాం.
మజ్జిగలా తెల్లగా తిరిగొచ్చింది నీరు.
పెద్దాయన వంగి వాసన చూశాడు.
కళ్ళు మండలేదు.
ఎంతసేపు వంగి ఉన్నాడో,
దేనికోసం ఎదురుచూశాడో.
తర్వాత ఒక సీసాడు ఇంటి కెటిల్‌కి ఇమ్మన్నాడు.
ఇవ్వలేదు.

సున్నం కరిగింది. బేరియం రాయి
కరగలేదని నివేదికలో రాశాను.
"పూర్తి విజయం" అని పైవాళ్ళు దిద్దారు.
గొంతు కాస్త విచ్చుకుంది.
నల్లది మునుపటి కన్నా ఎక్కువే వస్తోంది,
ట్యాంకర్లు మునుపటి కన్నా ఎక్కువే పోతున్నాయి.
తీపి దుంప రసంతో కడిగి నేను తెరిచిన దారిలోంచే.
దీన్ని పచ్చదనం అంటున్నారు.
నాకు ఆ మాట నోట్లో ఇసుకలా తగులుతుంది,
ఉమ్మేయలేను, మింగలేను.

కిటికీ దగ్గర బీకరులో ఒక పెంకు మిగిలింది.
కొత్త మిశ్రమం, కొంచెం పొటాష్, మూడో వారం.
ఇవాళ ఆరబెట్టి తూచాను:
నాలుగు మిల్లీగ్రాములు తక్కువ.
తలుపు సందులోంచి గాలి కొట్టిందేమో.
తలుపు మూసి
మళ్ళీ తూస్తాను.